చెడిపోతే నష్టం ఎవరిది?

వస్తువులు అమ్మే కంపెనీలు ఇప్పుడు సేవలు అమ్ముతున్నాయి. పర్యావరణానికి అది ఎప్పుడు మేలు, ఎప్పుడు కాదు? ఉద్యోగం వెతుక్కునేవాళ్లు దీన్ని ఎలా చూడాలి?

తిరుపతి నుంచి తిరుమల కొండెక్కే ఎలక్ట్రిక్ బస్సు మీద ఏపీఎస్‌ఆర్టీసీ అని రాసి ఉంటుంది. టికెట్టూ ఆర్టీసీదే. బస్సు మాత్రం ఆర్టీసీది కాదు. 2022 సెప్టెంబరులో మొదలైన ఈ 100 బస్సుల పథకంలో ఆర్టీసీ సొంతానికి ఒక్క బస్సూ కొనలేదు. హైదరాబాద్‌కు చెందిన ఒలెక్ట్రా గ్రీన్‌టెక్ బస్సులు తయారుచేసింది. అదే గ్రూపులోని మరో కంపెనీ వాటిని నడుపుతోంది. బస్సు, డ్రైవరు, మెయింటెనెన్సు అన్నీ ఆపరేటరువే. ఆర్టీసీ ఇచ్చేది తిరిగిన కిలోమీటరుకు ఇంత అని అద్దె. ఒప్పందం 12 ఏళ్లు.

‘ఇందులో వింతేముంది? ఆర్టీసీలో అద్దె బస్సులు ఎప్పటి నుంచో ఉన్నాయిగా’ అని మీరు అనొచ్చు. నిజమే. కానీ పాత పద్ధతిలో అద్దె బస్సు యజమాని ఎవరో ఒక కంపెనీ దగ్గర బస్సు కొని తెచ్చేవాడు. అమ్మిన కంపెనీకి వారంటీ అయ్యాక దానితో సంబంధం ఉండేది కాదు. ఇప్పుడు బస్సు తయారుచేసిన గ్రూపే పన్నెండేళ్లపాటు దాన్ని నడిపించి డబ్బు సంపాదించుకోవాలి. బస్సు షెడ్డులో పడుకున్న రోజు ఆదాయం ఉండదు. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇలా వస్తువు బదులు దాని వాడకాన్నో, దానివల్ల వచ్చే ఫలితాన్నో అమ్మడాన్ని మేనేజ్‌మెంట్ పుస్తకాలు ‘సర్వీటైజేషన్’ అంటాయి. శాండ్రా వాండర్‌మెర్వ్, జువాన్ రాడా అనే ఇద్దరు 1988లో రాసిన వ్యాసంతో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. ఈమధ్య దీనికి ఇంకో ట్యాగ్ తగిలించారు. ‘సేవలకు మారితే పర్యావరణానికి మంచిది’ అని. కంపెనీ ప్రెజెంటేషన్లలో, ప్లేస్‌మెంట్ టాక్‌లలో, సస్టెయినబిలిటీ సర్టిఫికెట్ కోర్సుల్లో ఇదే వినిపిస్తోంది. నా అభిప్రాయంలో ఇది సగం నిజం. ఏ సగం నిజమో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: వస్తువు చెడిపోతే నష్టం ఎవరిది?

గంటకింత అని ఇంజిన్

విమాన ఇంజిన్ల కథతో మొదలుపెడదాం. 1962లో బ్రిటన్‌కు చెందిన బ్రిస్టల్ సిడ్లీ అనే కంపెనీ చిన్న బిజినెస్ జెట్లలో వాడే తన వైపర్ ఇంజిన్‌కు కొత్త స్కీమ్ పెట్టింది. ఎగిరిన గంటకు ఇంత అని ఇస్తే చాలు, మరమ్మతులూ మార్చాల్సిన భాగాలూ మేం చూసుకుంటాం అంది. తర్వాత ఆ కంపెనీ రోల్స్ రాయిస్‌లో కలిసిపోయింది. స్కీమ్ మాత్రం నిలబడింది. ఈ రోజు రోల్స్ రాయిస్ పౌర విమాన ఇంజిన్ల విభాగానికి సగానికి పైగా ఆదాయం సర్వీసుల నుంచే వస్తోంది.

దీనివల్ల ఇంజిన్ తయారీలో ఆలోచన ఎలా మారుతుందో చూడండి. ఇంజిన్ అమ్మేసి ఊరుకునే కంపెనీకి స్పేర్ పార్టులు పెద్ద ఆదాయం. భాగం త్వరగా అరిగితే దానికి లాభమే. గంటకింత అని తీసుకునే కంపెనీకి అదే భాగం అరిగితే ఖర్చు. కాబట్టి మన్నికైన లోహం వాడటం, విప్పడానికి వీలుగా డిజైన్ చేయడం, సెన్సార్లు పెట్టి చెడిపోకముందే పసిగట్టడం, తీసేసిన భాగాన్ని బాగుచేసి మళ్లీ వాడటం... ఇవన్నీ దాని లాభం లెక్కలోకి వచ్చేస్తాయి. పర్యావరణం మీద ప్రేమ ఉన్నా లేకున్నా లోహం ఆదా అవుతుంది, చెత్త తగ్గుతుంది.

ఇది ఉత్తి థియరీ కాదు. రోల్స్ రాయిస్ ట్రెంట్ 1000 ఇంజిన్లలో కొన్ని బ్లేడ్లు అనుకున్నదాని కంటే ముందే దెబ్బతింటున్నాయని 2016 నుంచి బయటపడుతూ వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా బోయింగ్ 787 విమానాలు కొన్ని నేల మీదే ఉండిపోయాయి. ఆ సమస్య సరిదిద్దడానికి కంపెనీ మీద పడిన భారం 200 కోట్ల పౌండ్లు దాటింది. మన్నిక తగ్గితే ఎవరి జేబు చిరుగుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

టైర్ల సంగతీ ఇంతే. మిషెలిన్ కంపెనీ 2000 ప్రాంతంలో యూరప్ లారీ కంపెనీలకు టైర్లు అమ్మడం బదులు కిలోమీటరుకు ఇంత అనే పద్ధతి తెచ్చింది. అప్పుడు గాలి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం, అరిగిన టైరుకు రీట్రెడింగ్ చేసి మళ్లీ రోడ్డెక్కించడం కంపెనీ పనే అయిపోయింది. రసాయనాల్లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ 2004 నుంచి ‘కెమికల్ లీజింగ్’ను ప్రోత్సహిస్తోంది. పెయింట్ అమ్మేవాడికి కిలోల లెక్కన కాకుండా, పెయింట్ వేసిన వస్తువుల లెక్కన డబ్బు ఇస్తారు. కిలోల లెక్కన అమ్మినప్పుడు పెయింట్ ఎంత వృథా అయితే అంత అమ్మకం. వస్తువుల లెక్కన ఇచ్చినప్పుడు ఒలికిన ప్రతి చుక్కా అమ్మేవాడికే నష్టం.

విశాఖ వీధిదీపాలు

మన దగ్గరికి వద్దాం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసింది. ఆ తర్వాత నగరంలో దాదాపు 90 వేల వీధిదీపాలను ఎల్‌ఈడీలకు మార్చారు. చేసింది కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్. ఈ తరహా పథకంలో ముందుగా పెట్టుబడి పెట్టేది కార్పొరేషన్ కాదు. ఈఈఎస్ఎల్ దీపాలు పెట్టి, సాధారణంగా ఏడేళ్లపాటు వాటిని చూసుకుంటుంది. కరెంటు బిల్లులో మిగిలిన డబ్బుల్లోంచి వాయిదాలుగా వసూలు చేసుకుంటుంది. 2015 జనవరిలో మొదలైన జాతీయ వీధిదీపాల పథకానికి ఇదే పునాది.

ఇక్కడ నగరం కొన్నది దీపాల్ని కాదు, వెలుతురుని. ఎక్కువ కరెంటు తాగే దీపం పెడితే ఆదా తగ్గుతుంది, ఆదా తగ్గితే వాయిదా కట్టే దారి మూసుకుపోతుంది. కరెంటు పొదుపు, వ్యాపారం ఒకే దారిలో నడుస్తాయి.

అయితే ఈ లెక్క కాగితం మీద ఉన్నంత నున్నగా రోడ్డు మీద ఉండదు. స్థానిక సంస్థలు డబ్బులు సకాలంలో కట్టక బకాయిలు పేరుకుపోతే మెయింటెనెన్సు చేసేవాళ్లు చేతులెత్తేస్తారు. ఆరిపోయిన దీపం ఆరిపోయినట్టే ఉంటుంది. అమ్మకమైతే ఒక్కరోజు బేరం. సేవ అంటే ఏళ్ల తరబడి సాగే సంబంధం. రెండువైపులా మాట నిలబడకపోతే మన్నిక, పొదుపు అన్నీ ఉత్తిదే.

అద్దెకిస్తే పచ్చదనం వచ్చేస్తుందా?

ఇక రెండో సగం. ‘సేవ’ అనే పేరు తగిలించగానే పర్యావరణానికి మేలు జరిగిపోదు. నెదర్లాండ్స్ పరిశోధకుడు ఆర్నాల్డ్ టకర్ 2004లో ఈ వ్యాపారాల్ని మూడు గుంపులుగా విడగొట్టారు.

మొదటిది: వస్తువు అమ్మి, పక్కన సర్వీసు జోడించడం. మనకు తెలిసిన ఏఎంసీలు ఇవే. వస్తువు మీదే, చెడితే తలనొప్పీ మీదే, కంపెనీకి ఏటా ఫీజు. ఇందులో తయారీ తీరు పెద్దగా మారదు.

రెండోది: వస్తువు కంపెనీదే, వాడుకున్నందుకు మనం అద్దె కడతాం. లీజు కార్లు, అద్దె ఫర్నిచర్, షేరింగ్ సైకిళ్లు ఈ కోవలోవి. వినడానికి బాగుంటుంది. కానీ టకర్ హెచ్చరిక ఇక్కడే ఉంది. తనది కాని వస్తువును మనిషి జాగ్రత్తగా వాడడు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. 2017, 2018లలో చైనా నగరాల్లో ఏం జరిగిందో గుర్తుంది కదా? పోటీపడి లక్షల షేరింగ్ సైకిళ్లు వీధుల్లోకి దించారు. కంపెనీలు కుప్పకూలాక అవి గుట్టలు గుట్టలుగా మైదానాల్లో పడి ఉన్న ఫొటోలు ప్రపంచమంతా చూసింది. అదీ సేవే. కానీ చౌక సైకిలు పోయినా కంపెనీకి పట్టలేదు. దానికి కావాల్సింది యాప్‌లో యూజర్లు, మార్కెట్‌లో వాటా.

మూడోది: ఫలితం అమ్మడం. వెలుతురు, చల్లదనం, శుద్ధమైన నీరు, నడిచిన కిలోమీటరు. ఆ ఫలితం ఎలా సాధించాలో కంపెనీ ఇష్టం. తక్కువ లోహం, తక్కువ కరెంటు వాడితే మిగిలేది దానికే. పర్యావరణానికి పెద్ద మేలు చేసే సత్తా ప్రధానంగా ఈ మూడో గుంపుకే ఉందని టకర్ తేల్చారు.

మూడో గుంపులోనూ ఓ మెలిక ఉంది. దేనికి డబ్బు తీసుకుంటున్నారో చూడాలి. ఫొటోకాపీకి మన ఊళ్లలో పేరే జిరాక్స్. ఆ కంపెనీ 1959లో 914 అనే మెషీన్ తెచ్చి, నెలకు 95 డాలర్ల అద్దెకిచ్చింది. మొదటి 2,000 కాపీలు ఆ అద్దెలోనే, ఆపైన కాపీకింత. మెషీన్లు తిరిగి కంపెనీకే వస్తాయి కాబట్టి 1990ల నుంచి పాత మెషీన్ల భాగాల్ని బాగుచేసి కొత్తవాటిలో వాడటం మొదలుపెట్టింది. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ ‘కాపీకింత’ అన్నాక ఎన్ని కాపీలు తీస్తే అంత ఆదాయం. కాగితం పొదుపు చేయమని చెప్పడానికి ఆ మీటరులో కారణమేమీ లేదు. ఎగిరిన గంటకింత అని తీసుకునే ఇంజిన్ కంపెనీ కూడా అంతే. ఇంజిన్ మన్నికగా ఉండాలనుకుంటుంది. అదే నోటితో విమానాలు ఇంకా ఎక్కువ ఎగరాలనీ అనుకుంటుంది. లోహం ఆదా అవుతుంది, ఇంధనం మాత్రం ఆ ఒప్పందం బయటే మండుతూ ఉంటుంది.

మరో చీకటి కోణం తాళాలు వేయడం. సర్వీసు ఆదాయం కోసం స్పేర్లు బయట దొరక్కుండా చేయడం, సాఫ్ట్‌వేర్‌తో బిగించి వీధి చివరి మెకానిక్ ముట్టుకోలేకుండా చేయడం. మరమ్మతు ఖరీదైతే జనం పాతది పారేసి కొత్తది కొంటారు. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది ఇలాంటి ఇబ్బందుల వల్లే. సేవ పేరుతో వచ్చే ఈ రకం వ్యాపారం చెత్తను పెంచుతుందే కానీ తగ్గించదు.

సర్వీస్ ఇంజినీర్ అంటే చిన్నచూపెందుకు?

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, ఈ మార్పు మీ ఉద్యోగాల స్వరూపాన్ని మార్చేస్తోంది కాబట్టి. మన కాలేజీల్లో ఓ లెక్క నడుస్తుంటుంది. సాఫ్ట్‌వేర్ వస్తే పైమెట్టు, డిజైన్ వస్తే తర్వాతి మెట్టు, ప్రొడక్షన్ ఆ కింద, సర్వీసు, మెయింటెనెన్సు అన్నిటికంటే అడుగున. ‘బీటెక్ చదివి స్పానర్ పట్టుకుంటావా?’ అని ఇంట్లోనూ అంటారు. కంపెనీ ఒక్కసారి అమ్మి చేతులు దులుపుకున్న రోజుల్లో ఆ లెక్కలో కాస్త అర్థముంది. కంపెనీ లాభమంతా మెషీన్ ఎంతకాలం నడుస్తుందనే దాని మీద ఆధారపడినప్పుడు అది తలకిందులవుతుంది. ఎక్కడ అరుగుతోంది, ఎందుకు అరుగుతోంది, ఎప్పుడు ఆగిపోతుంది అని చెప్పగలిగినవాడే ఆ కంపెనీకి ఆస్తి.

ఉదాహరణ మన ముంగిట్లోనే ఉంది. శంషాబాద్ విమానాశ్రయం పక్కన జీఎంఆర్ ఏరో టెక్నిక్ ఎప్పటి నుంచో విమానాల మరమ్మతులు చేస్తోంది. అక్కడే ఫ్రాన్స్‌కు చెందిన సఫ్రాన్ కంపెనీ ‘లీప్’ ఇంజిన్ల సర్వీసు కేంద్రం 2025 నవంబరులో ప్రారంభమైంది. ఎయిర్‌బస్ ఏ320 నియో, బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలకు వాడే ఇంజిన్లివి. 2035 నాటికి పూర్తి సామర్థ్యంతో ఏటా 300 ఇంజిన్లు సర్వీసు చేయగలదని, వెయ్యి మందికి పైగా టెక్నీషియన్లు, ఇంజినీర్లు పనిచేస్తారని ప్రకటించారు. ఇవి కొత్త ఇంజిన్ తయారుచేసే ఉద్యోగాలు కావు. ఉన్న ఇంజిన్‌ను పారేయకుండా నిలబెట్టే ఉద్యోగాలు. సస్టెయినబిలిటీ ఉద్యోగమంటే రిపోర్టులు రాయడమే అనుకునేవాళ్లు ఈ షెడ్డు వైపు కూడా చూడాలి.

ఈ రంగం మెకానికల్ వాళ్లకే పరిమితం కాదు. సెన్సార్ల నుంచి వచ్చే డేటా చదివి ఏ మెషీన్ ఎప్పుడు మొండికేస్తుందో చెప్పడం కంప్యూటర్ సైన్స్, ఈసీఈ వాళ్ల పని. కంపనాలు, వేడి, ఆయిల్ నాణ్యత చూసి జబ్బు కనిపెట్టడం మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్ల పని. పన్నెండేళ్ల ఒప్పందానికి కిలోమీటరుకు ఎంత రేటు వేస్తే గిట్టుబాటవుతుందో, బ్యాటరీ మార్చడానికి ఏటా ఎంత పక్కన పెట్టాలో తేల్చేది బీకామ్, ఎంబీఏ చదివినవాళ్లు. ఆ లెక్క తప్పితే ఎంత గొప్ప బస్సయినా కంపెనీని ముంచేస్తుంది. ఇక రోడ్డు మీదికి వెళ్లి చేత్తో పని చేసేది ఐటీఐ, డిప్లొమా కుర్రాళ్లు. ఈ గొలుసులో ఏ ఒక్కటి తెగినా మిగతావి పనికిరావు.

తీపి మాటలే చెప్పి పంపించడం న్యాయం కాదు. సర్వీసు ఉద్యోగాల్లో చాలావరకు థర్డ్ పార్టీ కాంట్రాక్టుల కిందే ఉంటున్నాయి. అర్ధరాత్రి ఫోన్లు, ఊళ్లు తిరగడం, సొంత బండికి పెట్రోలు, ‘ఇన్ని గంటల్లో రిపేర్ కాకపోతే జరిమానా’ అనే షరతులు. కంపెనీ కస్టమర్ దగ్గర తీసుకున్న రిస్కును కింద ఉన్న కుర్రాడి నెత్తిన పెట్టేస్తే, అక్కడ మారింది బాధ్యత మోసే మనిషి మాత్రమే. అనుభవజ్ఞులు ఏడాదికే పారిపోయే చోట మెషీన్ల మన్నిక కూడా ఎక్కువకాలం నిలవదు. అందుకే మొదట్లో అడిగిన ప్రశ్నను ఉద్యోగానికీ వర్తింపజేయండి. మెషీన్ ఆగితే కోత కంపెనీ లాభంలోనా, మీ జీతంలోనా?

ఇంటర్వ్యూకి ముందు చేయాల్సినవి

మార్కెట్ విలువ ప్రకారం మన దేశంలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలని సెబీ నిబంధన. కంపెనీ వెబ్‌సైట్‌లో వార్షిక నివేదికతోపాటు ఉచితంగా దొరుకుతుంది. అందులో రెండో సూత్రం కింద, జీవితకాలం ముగిసిన తమ ఉత్పత్తుల్ని వెనక్కి తీసుకుని ఏం చేస్తున్నారో చెప్పాలి. మీరు వెళ్లబోయే కంపెనీది ఆ రెండు పేజీలు చదవండి. ‘మా సంస్థకు వర్తించదు’ అని ఒక్క ముక్కతో దాటేశారా, లేక పద్ధతి వివరించారా? హాల్లో కూర్చున్న యాభై మందిలో అది చదివి వచ్చినవాళ్లు ఒకరిద్దరే ఉంటారు. ఆ తేడా ప్యానెల్‌కు తెలుస్తుంది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఎక్కడి నుంచో కొనుక్కోవద్దు. మీ హాస్టల్లోని ఆర్వో ప్లాంటో, వాషింగ్ మెషీన్లో, ఏసీలో తీసుకోండి. గత మూడేళ్లలో ఎన్నిసార్లు ఆగాయి, ఏ భాగం పోయింది, రిపేర్లకు ఎంతయింది, కరెంటు ఎంత తాగాయి అని రిజిస్టర్లు తిరగేసి లెక్క కట్టండి. ‘లీటరుకింత’ పద్ధతిలో ఒప్పందం రాస్తే కాలేజీకి లాభమా, కంపెనీకి లాభమా తేల్చండి. మెషీన్, డబ్బు, ఒప్పందం మూడూ ఒకే ప్రాజెక్టులో వస్తాయి. ఏ ఇంటర్వ్యూలోనైనా పావుగంట ధైర్యంగా మాట్లాడగలిగే సరుకు అది.

కాస్త అనుభవం వచ్చాక బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిర్వహించే ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ పరీక్షల వైపు చూడొచ్చు. కానీ ముందు చేత్తో ఒక మెషీన్ విప్పి బిగించండి. ఆన్‌లైన్‌లో రెండు గంటల్లో వచ్చే సస్టెయినబిలిటీ సర్టిఫికెట్లు పది పోగేసినా ఆ అనుభవానికి సాటిరావు.

ఇంటర్వ్యూ చివర్లో ‘ఏమైనా అడగాలనుకుంటున్నారా?’ అంటారు. చాలామంది ‘నో సర్’ అని లేచి వచ్చేస్తారు. ఈసారి ఇది అడగండి: ‘సార్, మీ ప్రొడక్ట్ వారంటీ అయ్యాక చెడిపోతే ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? పాతదాన్ని మీరు వెనక్కి తీసుకుంటారా?’ జవాబు సూటిగా వస్తే ఆ కంపెనీ తన వస్తువు గురించి ఆలోచిస్తోందని అర్థం. బ్రోచర్లోని పచ్చటి ఆకు బొమ్మ గురించి మాట్లాడటం మొదలుపెడితే, ఆఫర్ లెటర్ మీద సంతకం చేసేముందు ఇంకో రెండు ప్రశ్నలు వేయండి.